చివర వచ్చినవాళ్ళకి తొలి ముద్ద

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక గుహ, ఆ గుహలో ఒక బల్లపరుపు బండ. పిల్లలూ, మన చర్చిలో ముందు వరసకి కూడా ముందు, కొత్త తువ్వాలు పరిచి ఒక పెద్ద కుర్చీ వేశారే, అదెవరికి అని పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు కదా. సంఘపెద్దల్ని అడిగితే గదమాయిస్తారు. నన్నడిగితే కథ చెప్తాను. ముందు కథ వినండి, కుర్చీ సంగతి తర్వాత చూద్దాం.

ఆ అడవిలో ఒకప్పుడు ఎవరి తిండి వాళ్ళు దాక్కుని తినేవాళ్ళు. పక్కవాళ్ళ కంటపడితే లాక్కుంటారని భయం. తింటున్నంతసేపూ చెవులు రిక్కించుకునే ఉండేవాళ్ళు. తిన్నది ఒంటికి పట్టేది కాదు.

అలాంటి అడవిలోకి మంద నుంచి తప్పిపోయిన బోడిగొర్రె ఒకటి వచ్చింది. దానికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. వచ్చిన సాయంత్రమే నోటికి పట్టినంత గరిక తెచ్చి గుహలోని బండ మీద పెట్టి, ఎవరైనా రండి, కలిసి తిందాం అని పిలిచింది. మొదట ఒక చిట్టెలుక వచ్చింది. దాని దగ్గర లాక్కోవడానికి ఏమీ లేదు కాబట్టి ధైర్యంగా వచ్చింది. తర్వాత కుందేళ్ళు వచ్చాయి. తర్వాత ఎలుగుబంటి తేనెపట్టుతో వచ్చింది, నీటికుక్క చేపలతో వచ్చింది. కొన్నాళ్ళకి సాయంత్రమైతే సగం అడవి ఆ బండ చుట్టూనే ఉండేది.

గొర్రె పెట్టిన కట్టుబాటు ఒక్కటే. అందరికంటే చివర వచ్చినవాళ్ళు ముందు తినాలి. వాళ్ళు తొలి ముద్ద తిన్నాకే మిగతావాళ్ళు నోట్లో పెట్టుకోవాలి. మీరే చెప్పండి, చివర వచ్చేది ఎవరు? కాలు కుంటుతున్నవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లల్ని వీపున మోసుకొచ్చేవాళ్ళు, ఎవరో తరుముతుంటే అడవంతా చుట్టి వచ్చేవాళ్ళు. ఆకలి ఎక్కువ వాళ్ళకే కదా.

అప్పటి రాజు పెద్దపులికి ఇది నచ్చలేదు. విడివిడిగా తినేవాళ్ళని భయపెట్టడం తేలిక. కలిసి తినేవాళ్ళు అంత తొందరగా భయపడరు. అందుకని రేచుకుక్కల్ని పంపించాడు. అవి గుహని చుట్టుముట్టి, ఇది మొదలుపెట్టింది ఎవరు అని అరిచాయి. గొర్రె ముందుకు నడిచి, "నేనే. వీళ్ళని వదిలేయండి" అంది. అవి గొర్రెని తీసుకుపోయాయి. అది మళ్ళీ తిరిగి రాలేదు.

దాని పని అయిపోయిందని రాజు అనుకున్నాడు. గుహలోవాళ్ళు అలా అనుకోలేదు. సాయంత్రం బండ చుట్టూ కూర్చుంటే ఆ గొర్రెతల్లి తమ మధ్యే ఉన్నట్టు వాళ్ళకి తెలిసేది. అందుకని ఆమె కూర్చునే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాళ్ళు. రేచుకుక్కలు తరిమిన రోజున పొదల్లో కూర్చుని తిన్నా సరే, పక్కన కాస్త చోటు వదిలేవాళ్ళు.

చాలా ఏళ్ళు గడిచాయి. గుహ బాధ్యత ఒక ముళ్ళపందికి వచ్చింది. పేరు కృపమ్మ, ఒంటినిండా ముళ్ళు. నవ్వకండి, ఆ ముళ్ళు ఆవిడ అడిగి పెట్టించుకున్నవి కావు. గుహలో అడుగు పెట్టగానే ముళ్ళన్నీ ఒంటికి ఆనించుకుని ఒద్దికగా కూర్చునేది, పక్కవాళ్ళకి గుచ్చుకోకూడదని. మనసు వెన్న. ఒక్క దిగులు మాత్రం ఉండేది. ఆవిడ పిల్లలు ఇద్దర్నీ రేచుకుక్కలు పొట్టనపెట్టుకున్నాయి. సాయంత్రం గుహలో ఎవరి పిల్లలు తుళ్ళుతున్నా మురిసిపోతూనే గుమ్మం వైపు ఒక కన్ను వేసి ఉంచేది.

ఆ గుహకి రోజూ చివర వచ్చేది లేయమ్మ అనే ముసలి దుప్పి. ఆవిడ వెనక కాలు విరిగి వంకరగా అతుక్కుంది. ఇప్పటి యువరాజు పులి వేట నేర్చుకునే రోజుల్లో ఆవిడ మీదకే దూకాడు. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. లేయమ్మ కుంటుకుంటూ గుమ్మంలోకి రాగానే పిల్లలు "అవ్వొచ్చింది, అవ్వొచ్చింది" అని గోల చేసేవాళ్ళు. అవ్వ మీద ప్రేమ కొంత, ఇక తినొచ్చన్న సంబరం కొంత.

ముసలి రాజు చనిపోయాడు. యువరాజే రాజయ్యాడు. ఆ వానాకాలం ఒక సాయంత్రం ఆ కొత్త రాజు గుహ గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. పక్కన మంత్రి కొండముచ్చు ఉన్నాడు. పిల్లలు తల్లుల పొట్టల కిందికి దూరారు.

"నా తండ్రి మిమ్మల్ని తరిమాడు. నేను తరమను. నాకు మీతో కూర్చుని తినాలని ఉంది" అన్నాడు రాజు.

అబద్ధం చెప్పలేదు పిల్లలూ. ఎదురుగా అందరూ వణుకుతూ నిలబడితే ఎంత రాజుకైనా ముద్ద దిగుతుందా? ఆ గుహలోంచి నవ్వులు వినిపించినప్పుడల్లా అతనికి తన కోట బోసిగా అనిపించేది. మంత్రి ఆలోచన మాత్రం వేరు. సగం అడవి సాయంత్రం ఆ బండ దగ్గరే ఉంటుంది, రాజు అక్కడ కూర్చుంటే అడవంతా చెప్పినట్టు వింటుంది అని అతను లెక్కవేసుకున్నాడు. ఒకరిది ఆకలి, ఇంకొకరిది ఎత్తు. రెండూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చాయి.

కృపమ్మ రాజుకి చోటిచ్చింది. ఇవ్వడం తప్పు కాదు. ఎవరొచ్చినా కూర్చోబెట్టమనే కదా ఆ తల్లి చెప్పింది.

మర్నాటి నుంచి రేచుకుక్కలు గుహకి కాపలా కాయడం మొదలుపెట్టాయి. తరిమినవాళ్ళే తోడు వచ్చి దిగబెట్టేవాళ్ళు. పిల్లలు గుహ బయట కూడా ఆడుకోసాగారు. అది చూసి కృపమ్మ ఒక మూలకి వెళ్ళి ఏడ్చింది. నా పిల్లలు ఇప్పుడు పుట్టి ఉంటే బతికేవాళ్ళు కదా అనుకుంది. ఆ క్షణాన రాజు ఏమడిగినా ఇచ్చేసేది.

రాజు అడిగాడు కూడా. మొదట, ఆ ఖాళీ చోటు అడిగాడు. రాజుగారు ఇరుకులో కూర్చుంటే అడవికి మర్యాద కాదని మంత్రి చెప్పాడు. కృపమ్మకి గుండె కలుక్కుమంది. అయినా, ఆ తల్లే ఉంటే జరిగి చోటివ్వదా అని తనకి తాను సర్దిచెప్పుకుని సరేనంది.

రెండోసారి మంత్రి ఒక్కడే వచ్చాడు. మీ కట్టుబాటు మాకు చాలా నచ్చింది, రాజుగారు కూడా దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు అన్నాడు. అప్పటి నుంచి రాజు రోజూ అందరికంటే చివర రావడం మొదలుపెట్టాడు. చివర వచ్చాడు కాబట్టి తొలి ముద్ద అతనిదే. అతను వచ్చేదాకా చీకటి పడుతున్నా అందరూ ఆకలితో కూర్చోవాలి. లేయమ్మ కూడా కూర్చోవాలి. కట్టుబాటు ఎక్కడ తప్పింది చెప్పండి? ఎక్కడా తప్పలేదు. అదే కృపమ్మకి అంతుపట్టలేదు. ఏదో పోయిందని తెలుస్తోంది, ఏం పోయిందో చెప్పలేకపోతోంది.

పాత రోజుల్లో పులి కదిలితే కొండముచ్చులు చెట్ల మీంచి కూసేవి, అందరూ పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు రాజు వస్తున్నాడని మంత్రి అదే కూత కూసేవాడు, అందరూ లేచి నిలబడేవాళ్ళు. "కూత అదే కదమ్మాయ్. పరుగెత్తాలో నిలబడాలో నా కాళ్ళకి ఇంకా తెలియట్లేదు" అని లేయమ్మ కృపమ్మ చెవిలో అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడోసారి మంత్రి గుమ్మం మూయమన్నాడు. రాజు తర్వాత ఎవరైనా వస్తే ఇక రాజు చివర వచ్చినట్టు ఎలా అవుతుంది, రాజు లోపలికి రాగానే రేచుకుక్కలు గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెడతాయి, ఇక రాజు చీకటి పడేదాకా ఆగనక్కర్లేదు, పొద్దు గూకకముందే వచ్చేస్తాడు, అందరూ అంతకుముందే వచ్చేయాలి అన్నాడు. గుమ్మం మూస్తే పిల్లలకి ఇంకా భద్రం కదా అనుకుంది కృపమ్మ. సరేనంది.

మొదటి రోజు గుమ్మం మూశాక లేయమ్మ కనిపించలేదు. ఎక్కడైనా తినే ఉంటుందిలే అన్నాడు మంత్రి. రెండో రోజూ రాలేదు. మూడో రోజు రాజు తొలి ముద్ద అందుకుంటుండగా బయట ముళ్ళకంప మీద ఏదో గీరుతున్న చప్పుడు వినిపించింది. కృపమ్మ తలెత్తింది. మంత్రి గాలి అన్నాడు. ఆవిడ కూడా గాలే అనుకుంది. అనుకోవాలనుకుంది.

మర్నాడు తెల్లవారాక ఆవిడకి ఉండబట్టలేదు. అడవంతా వెతికింది. పొదలు వెతికింది, వాగు ఒడ్డు వెతికింది, చివరికి కొండ వెనక చరియ కింద చూసింది. అక్కడ లేయమ్మ ఉంది. తిండి లేక చిక్కి ఎముకల గూడులా అయిపోయింది. చుట్టూ ఇంకా కొందరున్నారు. గుడ్డి అడవిపంది ఉంది, రెక్క విరిగిన నెమలి ఉంది, చంకన పిల్లలతో ఒక కోతి ఉంది. వీళ్ళెవరూ రాజుకంటే ముందు గుహకి చేరుకోలేరు. అందుకని ఇక్కడ చేరారు. మధ్యలో ఒక చిన్న రాయి, రాయి మీద కాసిని రేగుపళ్ళు ఉన్నాయి. రాయికి ఒక పక్కన చోటు ఖాళీగా వదిలారు.

పళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. ఎవరికోసమో ఎదురు చూస్తున్నారు. కృపమ్మని చూసి లేయమ్మ ముఖం విప్పారింది.

"ఇవాళ్టికి నువ్వే చివర వచ్చావమ్మాయ్. ముందు నువ్వు తిను" అని పళ్ళు ఇటు తోసింది.

కృపమ్మ ఒక రేగుపండు నోట్లో పెట్టుకుంది. వాళ్ళందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. పిన్నీ, కంప మీద గీరింది నువ్వేనా అని అడిగింది. తిను, మిగతావాళ్ళు ఆకలితో ఉన్నారు అంది లేయమ్మ.

ఆ సాయంత్రం మంత్రి కూత వినిపించింది. అందరూ లేచి నిలబడ్డారు. రాజు లోపలికి వచ్చి గొర్రెతల్లి చోట కూర్చున్నాడు. రేచుకుక్కలు ముళ్ళకంప ఈడ్చుకొచ్చాయి. అప్పుడు కృపమ్మ లేచి వెళ్ళి గుమ్మం మధ్యలో కూర్చుంది.

"రాజావారూ, ఇంకా రావలసినవాళ్ళు ఉన్నారు" అంది.

రాజు తర్వాత ఎవరూ ఉండరు అని మంత్రి గుర్తు చేశాడు. కృపమ్మ కదల్లేదు. రాజు మెల్లగా లేచాడు.

"ఈ పిల్లలు నా వల్ల బతుకుతున్నారు. నేను వెళ్ళిపోతే నా కుక్కలూ నాతోపాటే వచ్చేస్తాయి. ఆ తర్వాత అవి ఏం చేస్తాయో నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసు. నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మీరు చేసిన మేలు మర్చిపోను రాజావారూ. ఇప్పుడైనా మీకు ఇక్కడ చోటుంది, అందరి పక్కన, అందరిలాగే. కానీ ఆ చోటు మీది కాదు, తొలి ముద్ద మీది కాదు. గుమ్మం నేను మూయను."

రాజు గర్జించాడు. గుహ అదిరింది. ముళ్ళపందికి కోపం వస్తే ఏం చేస్తుందో మీకు తెలుసుగా. వెనక్కి తిరిగి ముళ్ళన్నీ నిక్కబొడుస్తుంది. అవి గుచ్చుకుంటే పులి కూడా నెలల తరబడి కుంటుతుంది. కృపమ్మ వెనక్కి తిరగలేదు. రాజు ముఖంలోకి చూస్తూ ముళ్ళన్నీ ఒంటికి ఆనించుకుంది. గుహలో ఎప్పుడూ అలాగే కూర్చునేది కదా, అప్పుడూ అలాగే కూర్చుంది. భయం లేక కాదు.

రాజు పంజా ఎత్తాడు. ఎత్తిన పంజా అలాగే ఉంచి ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. అంత దగ్గరగా వచ్చి, అంత భయపడుతూ, అతని కళ్ళలోకి చూసి నిజం చెప్పినవాళ్ళు అతని బతుకులో లేరు. పంజా దించాడు. ఆవిడ పక్కనుంచి బయటికి నడిచి వెళ్ళిపోయాడు. మంత్రి వెళ్ళాడు. కుక్కలు వెళ్ళాయి. భద్రత కావాలని సగం గుహ కూడా వాళ్ళ వెనక వెళ్ళింది. వాళ్ళని తిట్టకండి, వాళ్ళకీ పిల్లలున్నారు.

మిగిలినవాళ్ళు ఆకలితో కూర్చున్నారు. చాలాసేపటికి గుమ్మంలో కుంటుకాలి చప్పుడు వినిపించింది. "అవ్వొచ్చింది" అని ఒక కుందేలుపిల్ల అంది. లేయమ్మ వెనకే గుడ్డి అడవిపంది, నెమలి, కోతి వచ్చాయి. అందరికంటే చివర కోతి చంకలోని పిల్ల కిందికి దిగింది. తొలి ముద్ద దానికి పెట్టారు.

ఆ తర్వాత అంతా బాగుందని చెప్పను. రేచుకుక్కలు మళ్ళీ తరిమాయి. కొందరిని పోగొట్టుకున్నారు. కృపమ్మకి గుమ్మం వైపు మళ్ళీ ఒక కన్ను పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. కానీ గుమ్మం మూయలేదు. గొర్రెతల్లి చోటు మళ్ళీ ఖాళీగా ఉంచారు.

కొన్ని వానాకాలాలు గడిచాక ఒక సాయంత్రం, అందరూ వచ్చేశారు అనుకుని లేయమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డ నీడ పడింది. ఆనాటి పులిరాజే, ఇప్పుడు ముసలివాడయ్యాడు. ఒళ్ళంతా గాయాలు, ఒక కోర విరిగింది, ముందు కాలు ఈడుస్తున్నాడు. ఇంకో కుర్ర పులి వచ్చి అతన్ని గద్దె మీంచి తరిమేసింది. మంత్రి ఇప్పుడు ఆ కుర్ర పులి కోసం కూస్తున్నాడు. ఇతని కోసం కూయడానికి ఎవరూ లేరు, అందుకే వస్తున్నాడని ఎవరికీ తెలియలేదు.

లోపలికి రాలేదు. ఆ ఖాళీ చోటు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. గుమ్మం దగ్గర తడి నేల మీదే కూలబడ్డాడు.

"మిగిలితే ఏమైనా పెట్టండి. లేకపోతే కాసేపు కూర్చుని వెళ్ళిపోతాను" అన్నాడు.

అందరూ కృపమ్మ వైపు చూశారు. కృపమ్మ లేయమ్మ వైపు చూసింది. కాలు విరిగింది ఆవిడది కదా, మాట ఆవిడదే కావాలి. లేయమ్మ ఎత్తిన ముద్ద కింద పెట్టింది. లేచి కుంటుకుంటూ బండ దగ్గర నుంచి గుమ్మం దాకా వెళ్ళింది. నీటికుక్క తెచ్చిన చేప ఒకటి అతని ముందు పెట్టింది.

"అప్పుడు కావాలని చివర వచ్చేవాడివి నాయనా. ఇవాళ నిజంగానే చివర వచ్చావు. తొలి ముద్ద నీదే, తిను" అంది.

పులి ఆ చేప తిన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతుండగానే తిన్నాడు. అతను తిన్నాక అందరూ తిన్నారు. గుమ్మం తెరిచే ఉంది.

మన క్రైస్తవ సంఘం పెద్దకథ కూడా ఇలాంటిదే పిల్లలూ. మొదట్లో మనవాళ్ళు రాజులకి భయపడి దాక్కుని ప్రార్థనకి కూడుకునేవాళ్ళు. తర్వాత రాజులే వచ్చి ముందు కూర్చున్నారు. ప్రాణభయం పోయింది, అది మేలే. కానీ రాజుల యుద్ధాలకి మనవాళ్ళు దీవెనలిచ్చారు, మనలా నమ్మనివాళ్ళ మీదికి రాజు కత్తిని పంపించారు. అది చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది, అయినా చెప్పుకోవాలి. కృపమ్మలు కూడా పుట్టారు. రాజుని గుమ్మంలోనే ఆపి, ముందు నీ తప్పు ఒప్పుకో అన్నవాళ్ళు, దానికి ప్రాణాలు ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మనం ఇవాళ కూడుకుంటున్నామంటే వాళ్ళ చలవే.

సరే, ఇప్పుడు లేవండి. ఆ కుర్చీ మీద తువ్వాలు తీసి మడత పెట్టండి. కుర్చీ తీసుకెళ్ళి గుమ్మం పక్కన వేయండి. మార్తమ్మ అవ్వ నాలుగిళ్ళలో అంట్లు తోమి వచ్చేసరికి పాటలు సగం అయిపోతాయి. పాపం, ఎప్పుడూ నిలబడే వాక్యం వింటుంది. ఆ కుర్చీ ఎమ్మెల్యేగారి కోసం వేసింది, ఆయన వస్తే ఏం చేయాలని అడుగుతున్నారా? రానివ్వండి, నవ్వుతూ పిలవండి. చాప మీద మీ పక్కన బోలెడంత చోటుంది.

నీతి: బలవంతుడు మన పంక్తిలోకి వస్తే పక్కన చోటివ్వాలి, ఆకలితో వస్తే ముందుగా పెట్టాలి, కానీ అతని కోసం గుమ్మం మూసిన రోజున ఆ పంక్తి ఇక మనది కాదు.